పొగకు పద్దు రాసిన పనితనం

ఒక లీటరు డీజిలు తూకం వేస్తే కిలో కూడా రాదు, 830 గ్రాముల చిల్లర తూగుతుంది. అదే లీటరును జనరేటరులో కాలిస్తే గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ 2.68 కిలోలు. మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. కిలో లేని సరుకులోంచి రెండున్నర కిలోల పైన ఎలా పుట్టుకొచ్చింది? జవాబు హైస్కూలు రసాయన శాస్త్రంలోనే ఉంది. డీజిలు బరువులో నూటికి సుమారు 87 పాళ్ళు కార్బనే. మండేటప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను జత చేసుకుని బయటపడుతుంది. అలా 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల వాయువవుతుంది. పెరిగిన బరువంతా గాలి ఇచ్చిందే.

ఈ గుణకారం తెలిశాక పొగగొట్టానికి మీటరు కట్టే పని లేదు, పెట్రోలు బంకు బిల్లు చాలు. ప్రపంచమంతటా కంపెనీలు తమ గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క తీసేది ఎక్కువగా ఇలాగే. ఎంత కాల్చాం, ఎంత కరెంటు వాడాం, ఎంత సరుకు తోలాం అన్న అంకెను ఒక గుణకంతో హెచ్చవేస్తారు. ఆ గుణకాన్ని ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎమిషన్ ఫ్యాక్టర్ అంటారు. హెచ్చవేత ఎవరికైనా వస్తుంది. చిక్కంతా దానికి ముందు వచ్చే ప్రశ్నల్లో ఉంది. ఆ డీజిలు ఎవరి ఖాతాలో రాయాలి? లారీ కిరాయిదైతే? మిల్లు లీజుకిస్తే? కరెంటు కాల్చింది మనం, బొగ్గు కాల్చింది ఇంకొకరు అయితే పొగ ఎవరిది? ఈ ప్రశ్నలకు ఓపిగ్గా, ఒకదానికొకటి అడ్డు తగలకుండా జవాబులు కూర్చిన పుస్తకం ఒకటుంది. పేరు గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్, కార్పొరేట్ స్టాండర్డ్. దాని పనితనం గురించి చెప్పాలనే ఈ వ్యాసం.

వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, జెనీవాలో ఉండే వ్యాపార సంస్థల మండలి డబ్ల్యూబీసీఎస్‌డీ కలిసి 1998లో ఈ పని తలకెత్తుకున్నాయి. మొదటి కూర్పు 2001 సెప్టెంబరులో వచ్చింది. దాన్ని తొమ్మిది దేశాల్లో 30కి పైగా కంపెనీలు తమ ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో వాడి చూశాయి. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ రెండు రకాలుగా అన్వయించుకునే వీలుందో చెప్పాయి. ఆ అనుభవాన్ని కలుపుకుని 2004లో సవరించిన కూర్పు వచ్చింది. రచయితల్లో జానెట్ రంగనాథన్, పంకజ్ భాటియా పేర్లు కనిపిస్తాయి. మొదట్లో ఏ ప్రభుత్వమూ దీన్ని చట్టం చేసి ఎవరి నెత్తినా పెట్టలేదు. అయినా 2023లో, కంపెనీలను ఈ లెక్కలు అడిగే సంస్థ సీడీపీకి వివరాలిచ్చిన అమెరికా ఎస్ అండ్ పీ 500 కంపెనీల్లో నూటికి 97 ఈ పద్ధతినే వాడామని చెప్పాయి. బలవంతం లేకుండా మొదలైన ఒక లెక్కల పుస్తకం ఇంతమంది చేతుల్లోకి వెళ్ళిందంటే దాని అమరికలోనే ఏదో గట్టితనం ఉండాలి.

ఆ గట్టితనం తెలియాలంటే పుస్తకం తిరగేస్తే చాలదు, ఒక గడపలోకి తీసుకెళ్ళి పెట్టి చూడాలి. మిర్యాలగూడలోనో మండపేటలోనో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉందనుకుందాం. ఏడాదికి 10,000 టన్నుల ధాన్యం ఆడుతుంది. నాలుగు లక్షల యూనిట్ల కరెంటు వాడుతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటరుకు ఏడాదికి 6,000 లీటర్ల డీజిలు. ధాన్యం ఉడకబెట్టే ఆవిరికీ, ఆరబెట్టే వేడికీ బాయిలరులో ఊక. అంకెలు నేను వేసుకున్నవే, ఇలాంటి మిల్లుకు నప్పేవి.

ముందు గడప ఎక్కడుందో తేల్చమంటుంది స్టాండర్డ్. మిల్లులో ఇద్దరు భాగస్తులున్నారు, 60-40 వాటా. పొగ కూడా 60-40గా పంచుకోవచ్చు, అది వాటా పద్ధతి. లేదా రోజువారీ మిల్లు నడిపేవాడెవరో ఆయన ఖాతాలో నూటికి నూరూ రాయవచ్చు, అది నిర్వహణ పద్ధతి. ఆర్థికంగా పెత్తనం ఎవరిదో చూసి రాసే పద్ధతి మూడోది. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకుని, మీకున్న అన్ని యూనిట్లకూ అదే వర్తింపజేసి, ఏది ఎంచుకున్నారో బయటికి చెప్పాలి. లాభం వచ్చే మిల్లుకు వాటా పద్ధతి, పొగ ఎక్కువొచ్చే మిల్లుకు నిర్వహణ పద్ధతి అంటే కుదరదు. జమాఖర్చు తెలిసినవాళ్ళు రాసిన నిబంధన ఇది. కంపెనీలు తమ డబ్బు లెక్కల్లో అప్పటికే వాడుతున్న హద్దులనే పొగకు కూడా గీశారు. కొత్త హద్దులు గీసి ఉంటే అకౌంటెంట్లు దీన్ని ముట్టుకునేవారు కాదు.

గడప తేలాక వస్తాయి స్కోప్‌లు. ఈ మాట ఇప్పుడు ఏ కంపెనీ వార్షిక నివేదిక తెరిచినా కనిపిస్తుంది. స్కోప్ వన్ అంటే మన సొంత పొయ్యి, సొంత బండి, సొంత గొట్టం లోంచి వచ్చింది. స్కోప్ టూ అంటే మనం కొన్న కరెంటు కోసం ఎక్కడో థర్మల్ స్టేషనులో వచ్చింది. స్కోప్ త్రీ అంటే మన పని వల్లే పుట్టినా ఇతరుల చేతుల్లో, ఇతరుల చోట్ల వచ్చిందంతా. మూడు ముక్కల్లో చెప్పేయవచ్చు. కానీ గీతలు గీసిన చోటు చూడండి. రామగుండంలో కాలిన బొగ్గు అక్కడి కంపెనీకి స్కోప్ వన్. ఆ కరెంటు వాడిన మన మిల్లుకు అదే పొగ స్కోప్ టూ. అంటే ఒకే టన్నును ఇద్దరు రాస్తున్నారు. తప్పు కాదా? కాదు, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు గడుల్లో రాస్తున్నారు. ఒకే గడిలో ఇద్దరు ఒకే టన్ను రాయకుండా స్కోప్ వన్, స్కోప్ టూ నిర్వచనాలు కట్టారు. అందరూ ఒకే గడప పద్ధతి పాటిస్తే, దేశంలోని కంపెనీలన్నిటి లెక్క కావాలన్నప్పుడు స్కోప్ వన్‌లన్నీ కూడితే చాలు, ఏదీ రెండుసార్లు పడదు. తీగల్లో దారిలో పోయిన కరెంటు సంగతేమిటి? దాని తాలూకు పొగ పంపిణీ సంస్థ స్కోప్ టూలోకి పోతుంది, వాడకందారు దాన్ని కావాలంటే స్కోప్ త్రీలో చూపిస్తాడు. దారిలో పోయినదాన్ని కూడా అనాథగా వదల్లేదు. చేయి తిరిగిన వడ్రంగి బిగించిన కీలులా ఉంటుంది ఈ అమరిక. మేకు కనిపించదు, సందు కనిపించదు.

మన మిల్లు లెక్కకొద్దాం. డీజిలు 6,000 లీటర్లను 2.68తో హెచ్చవేస్తే 16 టన్నులు. కరెంటుకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా దేశం మొత్తానికి గుణకం ప్రకటిస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో అది యూనిట్‌కు సుమారు 0.73 కిలోలు. నాలుగు లక్షల యూనిట్లకు 292 టన్నులు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఇక ఊక. మిల్లు పక్క వీధిలో పెరిగినవాళ్ళకు ఊక పొగ గురించి చెప్పనక్కర్లేదు. ఆరేసిన బట్టల మీద, డాబా మీద పోసిన వడియాల మీద నల్లటి నుసి పడుతుంది. కాబట్టి ఊక కాలిస్తే పొగ లేదని ఎవరన్నా నవ్వొస్తుంది. కానీ ఊకలోని కార్బన్ పోయిన పంటకాలంలో వరి మొక్క గాలిలోంచి తీసుకున్నదే. కాలిస్తే తిరిగి గాలికే పోతుంది. భూమి లోపల కోట్ల ఏళ్ళుగా నిద్రపోతున్న బొగ్గును తవ్వి తీసి కాల్చడం వేరు, ఏటేటా తిరిగే ఈ చక్రం వేరు. రెంటినీ ఒకే గడిలో వేస్తే ఊక వాడే మిల్లుకు అన్యాయం. అసలు రాయకపోతే చదివేవాడికి అన్యాయం. స్టాండర్డ్ ఏం చేసింది? ఊక తాలూకు కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్‌ల బయట, విడిగా ఒక వరుసలో తప్పనిసరిగా రాయమంది. మన మిల్లులో ధాన్యంలో అయిదో వంతు, అంటే 2,000 టన్నుల ఊక వస్తుంది. అంతా బాయిలరుకే వేస్తారనుకుందాం. ఊకలో కార్బన్ నూటికి 38 పాళ్ళుంటే ఆ వరుసలో పడే అంకె 2,700 టన్నుల పైచిలుకు. డీజిలుకూ కరెంటుకూ కలిపి వచ్చినదానికి తొమ్మిది రెట్ల దగ్గర. ఆ అంకె దాచిపెట్టలేదు, మిగతావాటితో కలిపి గందరగోళమూ చేయలేదు.

ఇక్కడితో ఆగినా మెచ్చుకునేదాన్ని. కానీ పుస్తకం ఇంకో అడుగు వేసింది. ఊక మండేటప్పుడు కొద్దిగా మీథేన్, కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్ కూడా వస్తాయి. వాటిని వరి మొక్క గాలిలోంచి తీసుకోలేదు, అవి మన బాయిలరులో కొత్తగా పుట్టినవి. అందుకని ఆ రెండూ స్కోప్ వన్‌లోనే రాయాలి. ఎంతొస్తాయి? ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య సంఘం, ఇచ్చిన గుణకాల ప్రకారం ఇలాంటి ఇంధనం ఒక టెరాజౌల్ వేడికి 30 కిలోల మీథేన్, 4 కిలోల నైట్రస్ ఆక్సైడ్. టన్ను ఊకకు 13 గిగాజౌల్స్ చొప్పున మన 2,000 టన్నుల ఊక 26 టెరాజౌల్స్ అవుతుంది. వందేళ్ళ లెక్కన ఒక కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 265 కిలోలతో. అన్నీ హెచ్చవేసి కూడితే దాదాపు 50 టన్నులు. జనరేటరు డీజిలుకు వచ్చింది 16 టన్నులే కదా. సున్నా అనుకున్న ఊక బాయిలరు, అందరి కంటా పడే డీజిలు కన్నా మూడు రెట్లు ఎక్కువ రాయిస్తోంది. పద్దు గడులు సరిగ్గా విడగొట్టకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. రాజమండ్రి, భద్రాచలం వైపు కాగితం మిల్లుల్లో కలప ఉడికించగా మిగిలిన బ్లాక్ లిక్కర్‌ను బాయిలరులో మండిస్తారు. ఆ లెక్కకూ ఇదే పద్ధతి.

ఆఫీసు గదిలో ఏసీ ఉంది. మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి బిల్లిచ్చి వెళతాడు. ఆ బిల్లు కూడా పొగ పద్దులోకి వస్తుందని చాలామందికి తట్టదు. నింపాల్సి వచ్చిందంటే అంత గ్యాస్ కారిపోయినట్టే. ఆర్-32 రకం ఒక కిలో కారితే 677 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే 250 లీటర్ల డీజిలు కాల్చినంత. ఇది స్కోప్ వన్. పాత ఏసీలో ఆర్-22 ఉంటే? దాని వేడి ఇంకా ఎక్కువ. కానీ అది ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద ఉన్న వాయువు, గ్రీన్‌హౌస్ వాయువుల మీది క్యోటో ఒప్పందపు జాబితాలోది కాదు. కాబట్టి స్కోప్‌లలో కలపకుండా విడిగా చూపించమన్నారు. ఒక్కో వాయువు ఏ ఒప్పందం కిందికి వస్తుందో గుర్తుపెట్టుకుని గడి కేటాయించారు. ఇంత చిన్న చోట ఇంత జాగ్రత్త ఎవరు పడతారు?

ఏసీ గ్యాస్ లాంటివి చిన్నవి కదా, అయిదు శాతంలోపు ఉన్నవాటిని వదిలేద్దాం అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆడిటర్లకు అలవాటైన మాటే అది. స్టాండర్డ్ ఆ దారి మూసేసింది. దాని వాదన నాకు చాలా నచ్చింది: ఫలానాది అయిదు శాతం లోపే అని తెలియాలంటే ముందు దాన్ని లెక్కగట్టాలి, లెక్కగట్టాక ఇక వదిలేయడం వల్ల మిగిలేదేముంది? కుదరనిచోట ఉజ్జాయింపుగా వేయండి, వేశామని చెప్పండి, లేదా వదిలేశామని కారణంతో సహా చెప్పండి. మౌనంగా మాత్రం వదలొద్దు. ఈ పుస్తకం అయిదు సూత్రాల మీద నిలబడింది: సందర్భానికి తగినట్టుండడం, ఏదీ వదలకపోవడం, ఏటేటా ఒకే తీరు పాటించడం, అంతా బయటికి చెప్పడం, కచ్చితత్వం. కచ్చితత్వం అయిదోది. కచ్చితమైన సగం లెక్క కన్నా ఉజ్జాయింపు కలిసిన పూర్తి లెక్క మేలని వాళ్ళ ఉద్దేశమని ఆ వరుసను బట్టి నేను అర్థం చేసుకున్నాను.

స్కోప్ త్రీకి 2011లో విడిగా ఇంకో పుస్తకం వచ్చింది. అందులో 15 వర్గాలు. ఎనిమిది మన దగ్గరికి సరుకు వచ్చే వైపు, ఏడు మన దగ్గర్నుంచి పోయే వైపు. అందులో ఏ పని తప్పనిసరో, ఏది చేస్తే మంచిదో, ఏది ఇష్టమో మూడు క్రియాపదాలు విడిగా నిర్వచించుకుని, పుస్తకమంతా వాటిని దాటకుండా రాశారు. గోనె సంచులు కొన్నవాటిలో పడతాయి. కిరాయి లారీలు రవాణాలో. తౌడు కొన్న నూనె మిల్లు దాన్ని ఆడించడం, మనం అమ్మిన సరుకును ఇతరులు మార్చడం కింద. మన బియ్యాన్ని ఇంట్లో కుక్కరులో వండితే? అది వాడకంలో పరోక్షంగా ఖర్చయ్యే శక్తి, చూపించడం చూపించకపోవడం కంపెనీ ఇష్టం. బియ్యం అమ్మినవాడు ఆ ఇంటి పొయ్యి దాకా పోయి లెక్క అడగలేడని వాళ్ళకు తెలుసు.

అన్నిటికన్నా ముందుండాల్సింది ధాన్యం. 10,000 టన్నులంటే ఎకరానికి 25 క్వింటాళ్ళ చొప్పున 4,000 ఎకరాల పంట, అంటే సుమారు 1,620 హెక్టార్లు. నీళ్ళు నిలిచిన మడిలో గాలి అందక బురదలోని సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. ఐపీసీసీ 2019లో సవరించిన గుణకాల్లో దక్షిణాసియాకు హెక్టారుకు రోజుకు 0.85 కిలోలు. ఎప్పుడూ నీళ్ళు నిలిపిన మడిలో 120 రోజుల పంటకు 102 కిలోల మీథేన్. 28తో హెచ్చవేసి, హెక్టార్లతో హెచ్చవేస్తే 4,600 టన్నులు వస్తుంది. మిల్లు సొంత బాయిలరు, జనరేటరు, కరెంటు అన్నీ కలిపి 360 టన్నులు. పొలం నుంచి వచ్చింది దానికి సుమారు 13 రెట్లు. మిల్లు యజమాని డాబా మీద సోలార్ పలకలు పెట్టించి సంతోషపడొచ్చు, పెట్టించడం మంచిదే. కానీ తన ధాన్యం తాలూకు అసలు బరువు ఎక్కడుందో స్కోప్ త్రీ గడి చూపిస్తుంది. మడిలో నీరు పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టే పద్ధతి అనుసరిస్తే మీథేన్ దాదాపు సగానికి, గుణకం ప్రకారం 0.55 వంతుకు దిగుతుంది. ఆ రైతులందరూ అలా చేస్తే 2,000 టన్నులకు పైగా తగ్గుతుంది. మిల్లు మొత్తం మూసేసినా అంత తగ్గదు. నీళ్ళూ మిగులుతాయి.

2004 కూర్పులో ఇలాంటి నిజమైన ఉదాహరణ ఒకటుంది. స్వీడన్‌లో డీహెచ్ఎల్ ఎక్స్‌ప్రెస్ తన లెక్క తీసుకుంటే, తన పని వల్ల వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో నూటికి 98 పాళ్ళు కిరాయికి తిప్పిన రవాణా సంస్థల బండ్లదని తేలింది. సొంత బండ్ల వరకే చూసుకుని ఉంటే లెక్క అంతా రెండు పాళ్ళ మీద నడిచేది.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం ఆధార సంవత్సరం గురించినది. ఏ ఏడాదితో పోల్చి తగ్గించామని చెప్పుకుంటారో ఆ ఏడాది. మన మిల్లుకు 2020 అనుకుందాం, 360 టన్నులు. 2023లో పక్క మిల్లును కొన్నారు. అది 2020లో 200 టన్నులు వదిలింది. ఇప్పుడు రెండూ కలిసి 500 వదులుతున్నాయి. 360 నుంచి 500కి పెరిగిందని రాయాలా? రాయకూడదు. 2020 అంకెను వెనక్కి వెళ్ళి 560గా దిద్దాలి. 560 నుంచి 500కి తగ్గిందన్నది నిజం. గాలికి కావాల్సింది మిల్లు ఎవరి పేరు మీద ఉందన్నది కాదు. అదే పక్క మిల్లును కొనకుండా, 2023లో తామే కొత్త మిల్లు కట్టి ఉంటే? అప్పుడు ఆధార సంవత్సరాన్ని ముట్టుకోకూడదు. ఆ పొగ 2020లో ఎక్కడా లేదు, కొత్తగా గాలిలో చేరింది, పెరిగిందనే చూపించాలి. మిల్లు అమ్మేస్తే ఆధార సంవత్సరంలోంచి కూడా తీసేయాలి, అమ్మడాన్ని తగ్గింపుగా చెప్పుకోకూడదు. సొంత లారీలు అమ్మేసి కిరాయి లారీలు పెట్టుకుంటే స్కోప్ వన్ తగ్గినట్టు కనిపిస్తుంది. కిరాయి లారీల లెక్క స్కోప్ త్రీలో చూపించకపోతే ఆధార సంవత్సరాన్ని దిద్దాలి. ఒక్కో నిబంధన వెనక ఒక్కో దొంగదారి ఉంది. వాళ్ళు ముందుగానే అక్కడికి వెళ్ళి కాపలా కూర్చున్నారు.

ఎంత మార్పు వస్తే దిద్దాలన్నది కంపెనీయే తేల్చుకుని ముందుగా ప్రకటించాలి. కంపెనీల పొగ లెక్కలు నమోదు చేసే కాలిఫోర్నియా రిజిస్ట్రీ 10 శాతం పెట్టుకున్నదని ఉదాహరణగా చెప్పి ఊరుకున్నారు. నేనైతే ఇక్కడ ఒక అంకె గట్టిగా చెప్పి ఉండాల్సిందంటాను. స్వేచ్ఛ ఎక్కువైన చోటు ఇది.

ఇంకో చోట వాళ్ళు పడిన ఇబ్బంది కనిపిస్తుంది. కంపెనీలు పవన విద్యుత్తు, సౌర విద్యుత్తు ఒప్పందాలు కుదుర్చుకోవడం, సర్టిఫికెట్లు కొనుక్కోవడం పెరిగాక స్కోప్ టూ గొడవ ముదిరింది. మన ప్లగ్గులోకి వచ్చే కరెంటు అందరికీ వచ్చేదే. కానీ మేము డబ్బిచ్చింది గాలిమరకు అంటారు. ఏది రాయాలి? 2015లో వచ్చిన మార్గదర్శకం రెండూ రాయమంది. ఆ ప్రాంతపు గ్రిడ్ సగటు ప్రకారం ఒక అంకె, కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం ఇంకొక అంకె, పక్కపక్కనే. తగవు తీర్చలేనప్పుడు రెండు పక్షాల మాటా చదివేవాడి ముందుంచడం నిజాయితీ. అయితే చాలా నివేదికల్లో తక్కువగా ఉన్న అంకె పెద్ద అక్షరాల్లో, రెండోది చివరి పేజీల్లో కనబడుతుంది. అది పుస్తకం తప్పు కాదు, ఆచరణలో ఉన్న లోపం. ఈ భాగానికి ఇప్పుడు సవరణ పని నడుస్తోంది.

స్వచ్ఛందంగా లెక్క చెప్పడం అనే అలవాటు పెరగడానికి లండన్‌లో 2000లో మొదలైన సీడీపీ గట్టి తోడైంది. 2002లో 35 పెట్టుబడి సంస్థల తరఫున ప్రపంచంలోని 500 పెద్ద కంపెనీలకు ప్రశ్నలు పంపింది. అడిగేవాళ్ళకు పెట్టుబడి ఉంది, చెప్పేవాళ్ళకు ఒక పద్ధతి దొరికింది. మన దేశంలో 2013లో వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ భారత శాఖ డబ్ల్యూఆర్ఐ ఇండియా, పరిశ్రమల సమాఖ్య సీఐఐ, పరిశోధన సంస్థ టెరీ కలిసి ఇండియా జీహెచ్‌జీ ప్రోగ్రాం పేరుతో స్వచ్ఛంద వేదిక పెట్టాయి. తర్వాత స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి ఈ వివరాలున్న నివేదిక తప్పనిసరి చేసింది. స్కోప్ వన్, టూ అందులో అందరూ చెప్పాల్సినవి, స్కోప్ త్రీ ముందుకొచ్చినవాళ్ళు చెప్పేది. ఇష్టంతో మొదలైన లెక్క చట్టంలోకి వెళ్ళినా గడులు మారలేదు.

ఈ పద్దుకు ఉన్న పరిమితులు చిన్నవి కావు. నా లెక్కలో ధాన్యం అంకె ఒక్క గుణకం మీద నిలబడింది. నల్లరేగడి మడికీ ఇసుక నేలకీ, పచ్చిరొట్ట దున్నిన పొలానికీ దున్నని పొలానికీ మీథేన్ వేరు. చాలా కంపెనీలు స్కోప్ త్రీలో సరుకు బరువు కూడా తెలియక పెట్టిన రూపాయలను గుణకంతో హెచ్చవేస్తాయి. ధర పెరిగితే పొగ పెరిగినట్టు కనిపిస్తుంది. మీథేన్ గుణకం కూడా ఐపీసీసీ నివేదికలు మారుతూ వచ్చిన కొద్దీ 21 నుంచి 23కి, 25కి, 28కి పెరిగింది. అందుకే ఏ గుణకం వాడారో, ఎక్కడిదో రాయడం లెక్కలో భాగమే. ఆ ఒక్క వాక్యం లేని నివేదికను నేను నమ్మను.

అదే సమయంలో గుణకం మీద ఏ అనుమానమూ అక్కర్లేని చోట్లున్నాయి. నల్గొండ, పల్నాడు, కడప జిల్లాల్లో సిమెంటు కొలిమిలో సున్నపురాయిలోని 100 కిలోల కాల్షియం కార్బొనేట్ విరిగితే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఇంధనం బొగ్గయినా, చెత్తయినా, ఊకయినా ఆ 44 మారదు. అది రాయిలోంచి వచ్చేది. సిమెంటు పరిశ్రమ పద్దులో అందుకే రాయి నుంచి వచ్చింది, ఇంధనం నుంచి వచ్చింది వేరువేరుగా రాస్తారు. ఏది తగ్గించగలమో, ఏది తగ్గించాలంటే కొలిమిలో తయారయ్యే క్లింకర్‌నే తగ్గించుకోవాలో ఆ రెండు గడులు చూస్తే తెలిసిపోతుంది. ఫ్లైయాష్, స్లాగ్ కలిపిన సిమెంటు ఎందుకు మేలో ఇంజనీరు కానివాడికి కూడా అర్థమవుతుంది.

మీకు చిన్న మిల్లో, ప్రింటింగ్ ప్రెస్సో, బడో, ఆసుపత్రో ఉంటే ఈ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి ఏడాదికి పెద్ద సాఫ్ట్‌వేరు, కన్సల్టెంటు అక్కర్లేదు. గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు, డీజిలు బిల్లులు, ఏసీ మెకానిక్ ఇచ్చిన రసీదులు ఒక ఫైలులో పెట్టండి. బాయిలరు ఉంటే కాటా చీటీలు జత చేయండి. కాగితం మొదటి వరుసలో మీరు ఎక్కడ గీత గీసుకున్నారో రాయండి, చివరి వరుసలో ఏ గుణకం వాడారో రాయండి. మధ్యలో ఉన్నదంతా హెచ్చవేతే.